ఒక తాళంచెవి తక్కువ

భూమి ఇంకా ఉంది. ఆ సంగతి ముందే చెప్పేస్తే మీరు స్థిమితంగా చదువుకుంటారని చెబుతున్నాను. ఆ వారం మా వీధిలో అది ఉంటుందని నమ్మినవాళ్ళం మాత్రం ఇద్దరమే, మా పిన్నీ నేనూ. నాది నమ్మకం కూడా కాదు. పని తెమలక, భయపడడానికి తీరిక దొరకలేదు.

మా బాబాయిది సెలూను. నాన్నకి తమ్ముడాయన. గదికి అడ్డంగా ఒక తెర కట్టి, వీధివైపు మగవాళ్ళకి ఆయన, లోపలివైపు ఆడవాళ్ళకి నేను. తెర పల్చటిది కావడంతో అటువాళ్ళ రాజకీయాలు ఇటూ, ఇటువాళ్ళ కాపురాలు అటూ వినపడుతూనే ఉంటాయి. ఎవరికి వాళ్ళు విననట్టే ఉంటారు. బాబాయి మాట నెమ్మది, చెయ్యి ఇంకా నెమ్మది. ఆయన గడ్డం గీస్తుంటే గురక పెట్టినవాళ్ళున్నారు. కత్తెర చూస్తేనే రాగం తీసే చంటిపిల్లలు కూడా ఆయన కుర్చీలో నోరు తెరుచుకుని అద్దంలోకి చూస్తూ కూర్చుంటారు. ఆయన చేతికి అంత పేరుంది.

పిన్ని ఉద్యోగం ఊరి చివర పరిశోధనాలయంలో. అక్కడ నేలకింద బస్సు పట్టేంత సొరంగం గుండ్రంగా తవ్వి, అందులో కంటికి కనపడని రేణువుల్ని రెండు వైపుల నుంచీ తరిమి ఎదురెదురుగా గుద్దిస్తారు. ఎందుకని నన్నడక్కండి. పిన్నినడిగినా, "గుద్దుకుంటే ఏం రాలిందో చూసుకుంటారే" అని ఊరుకుంటుంది. ఆవిడకి కావలసింది ఒక్కటే. అవి గుద్దుకునే వేళకి లోపల మనిషన్నవాడు ఉండకూడదు.

ఆవిడ పని అదే. సొరంగం తలుపు పక్కన గోడకి ఒక బోర్డు, బోర్డు నిండా తాళంచెవులు. లోపలికి దిగే ప్రతి మనిషీ, ఎంత పెద్ద శాస్త్రవేత్త అయినా, పైపులు తుడిచే మనిషైనా, ఒక తాళంచెవి తీసి జేబులో వేసుకునే దిగాలి. పైకి వచ్చాక దాని చోట దాన్ని పెట్టి తిప్పాలి. ఏ ఒక్కటి తిరిగి రాకపోయినా యంత్రం కదలదు. ఎవరైనా మొండికేసి కదిలిద్దామన్నా కదలదు, తీగలు అలా కలిపారు. తాళంచెవి లేదంటే లోపల మనిషి ఉన్నట్టే లెక్క. ఆ బోర్డు ముందు కుర్చీ మా పిన్నిది. అక్కడ చిన్నా పెద్దా అందరికీ ఆవిడ "తాళాలక్క".

తాళంచెవి మరిచిపోయి జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోవడం అక్కడివాళ్ళకి మాత్రమే పట్టే జబ్బు. ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు చేస్తారు. చేసినవాళ్ళు కెటిల్ పట్టుకుని తిరిగి అందరికీ టీ పొయ్యాలి, అదీ శిక్ష. ఒకసారి ఆ పరిశోధనాలయం పెద్దాయనే విమానాశ్రయం దాకా వెళ్ళిపోతే పిన్ని ఫోన్ చేసి వెనక్కి రప్పించింది. ఆయన టై భుజం మీద వేసుకుని టీ పోశాడట. పిన్ని మాత్రం ఒక్కసారి కూడా కెటిల్ పట్టలేదు. ఆవిడ గర్వమంతా అక్కడే ఉంది. ఇంట్లోనూ అంతే, గుమ్మం ముందు అందరి చెప్పులూ కనపడితేగానీ తలుపు గడియ వెయ్యదు. నా చెప్పులు తెగిపోయి బయటే పారేసి వచ్చిన రోజున, నేను ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నా ఆవిడ మనసు కుదుటపడలేదు.

ఇన్నాళ్ళూ ఆ యంత్రం దాని పాటికి అది నడిచింది. ఎవరికీ పట్టలేదు. తర్వాత చాలాకాలం ఆపేసి మరమ్మతులు చేశారు. ఈసారి మునుపటికంటే ఎంతో ఎక్కువ బలంతో గుద్దిస్తామని ప్రకటించారు. ఇక చూడండి. గుద్దుకున్నచోట బ్లాక్‌హోల్ పుడుతుందనీ, అది ముందు సొరంగాన్నీ, తర్వాత ఊరినీ, ఆ తర్వాత భూమినీ మింగేస్తుందనీ టీవీలో మొదలైంది. మా సెలూనులో దానికి చిలవలు పలవలు చేర్చి పెంచినవాడు వార్తల మామ. అసలాయన రిటైరైన బస్సు కండక్టరు. ఫోన్లో ఏ వీడియో వచ్చినా నలుగురికీ చూపించందే ఆయనకి ముద్ద దిగదు.

"చూడవయ్యా, ఎలా లాగేసుకుంటోందో. నీళ్ళ తొట్టెలో బిరడా తీసినట్టే" అని ఫోను బాబాయి ముక్కు కిందకి తోసేవాడు.

"అది కంప్యూటర్లో గీసిన బొమ్మ మామా" అని నేను తెర ఇవతల నుంచి అరిచేదాన్ని.

"బొమ్మ కాకపోతే? నిజంగా జరిగాక వీడియో తీసేవాడుంటాడా?" అనేవాడు.

ఆ రోజుల్లోనే ఆ పరిశోధనాలయంలో పనిచేసే కుర్ర శాస్త్రవేత్త ఒకాయన క్షవరానికి వచ్చాడు. మంచివాడు, పాపం. అందరూ చుట్టుముట్టి అడిగితే ఓపిగ్గా చెప్పాడు. ఆకాశం నుంచి వచ్చే రేణువులు ఇంతకంటే గట్టిగా భూమినీ చంద్రుణ్ణీ రోజూ గుద్దుతున్నాయట, కోట్ల ఏళ్ళుగా గుద్దుతూనే ఉన్నాయట, అయినా చంద్రుడు చెక్కుచెదరలేదట. అందరూ తలలూపారు. నాకైతే సగం అర్థమై పూర్తి ధైర్యం వచ్చింది. అప్పుడు మా బాబాయి, కత్తి ఆయన మెడ దగ్గర ఆపి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"అయితే నూటికి నూరుపాళ్ళూ ఏమీ కాదంటారు. అంతేనాండీ?"

ఆ అబ్బాయి ఒక్క 'ఊఁ' అనేస్తే ఈ కథే ఉండేది కాదు. కానీ అతను నిజాయితీపరుడు. నీళ్ళు నమిలి, "సైన్సులో నూటికి నూరు అనే మాట దేనికీ అనమండీ. ఈ కుర్చీ ఇప్పుడు గాల్లోకి లేవదని కూడా నూటికి నూరు అనం. కానీ లేవదు" అన్నాడు.

అతను కుర్చీ దిగి వీధి మలుపు తిరిగాడో లేదో, వార్తల మామ వీధంతా చాటేశాడు. "విన్నారా? వాళ్ళ మనిషే చెప్పలేనన్నాడు!" కుర్చీ సంగతి ఎవరికీ గుర్తులేదు.

ఆ రోజు నుంచి బాబాయి చెయ్యి వణకడం మొదలైంది. నవ్వులాటకి చెప్పడం లేదు. మా వీధి చివర లెక్కల మాస్టారి గడ్డం తెగింది. మర్నాడు ఇంకొకరి చెవి పక్కన గాటు. ఎప్పుడూ లేనిది గడ్డాలన్నీ మానేసి కత్తెర పనే తీసుకోసాగాడు. ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకుని అద్దం ముందు నిలబడి ఉండగా చూశాను. మనిషి నోరు విప్పి ఏడిస్తే ఓదార్చొచ్చు. వేళ్ళు వణికితే ఏమని ఓదారుస్తాం?

నేను వాళ్ళతోనే ఉంటాను, సెలూను పైన ఇంట్లో. భోజనాల దగ్గర ఆయన పిన్నినే అడిగేవాడు.

"ఆ రోజుకి సెలవు పెట్టవే."

"ఆ రోజు కోసమేగా ఇన్నేళ్ళు ఆ కుర్చీలో కూర్చుంది? అన్నీ మూసి, అన్నీ సరిచూసి, ఇక నడపండని చెప్పే రోజండీ అది."

"ఊరంతా ఏమైనా కానీ. అది ముందు మింగేది నిన్నే."

"వెనకాలే మీరూ వస్తారుగా. ఎంతసేపనీ."

ఆయన నవ్వలేదు. పిన్ని కూడా నవ్వు ఆపేసి ఆయన కంచంలో కూర వేస్తూ, చంటివాళ్ళకి చెప్పినట్టు చెప్పింది. "మీకెందుకు భయం? ఒక్క తాళం చెవి తక్కువైనా అది కదలదు. అన్నీ నా కళ్ళెదురుగా ఉంటాయి." ధైర్యం చెబుతున్నాననుకుంది ఆవిడ. ఆయన ఆ మాటని వేరేగా విన్నాడని మాకెవరికీ తట్టలేదు.

యంత్రం నడిపే రోజుకి ముందు రోజు సాయంత్రం ఒకటే వాన. పరిశోధనాలయం ముందు గేటు దగ్గర జనం గొడుగులు పట్టుకుని నిలబడి "ఆపండి, ఆపండి" అని అరుస్తున్నారు. లోపల దీపాలు సరిచూడ్డానికి పిన్ని తనే ఒక తాళంచెవి తీసుకుని సొరంగంలోకి దిగింది. పైకి వచ్చేసరికి, గొడవ ముదిరేలోగా ఆడవాళ్ళందరూ వెనక గేటు నుంచి వెళ్ళిపోండని కాపలావాళ్ళు తొందరపెట్టారు. ఆ హడావిడిలో, పనిలో తొడుక్కుని ఎప్పుడూ అక్కడే విడిచివచ్చే నీలం కోటు మీదే వానకోటు తొడుక్కుని వచ్చేసింది. బోర్డు సరిచూసేది పొద్దున, తలుపులు మూసే ముందు. కాబట్టి ఒక తాళంచెవి తక్కువన్నది ఆ సాయంత్రం ఎవరూ గమనించలేదు. ఇంటికి రాగానే తడిసిన బట్టలు బాబాయికిచ్చి ఆరెయ్యమని, వేడినీళ్ళతో స్నానానికి వెళ్ళిపోయింది.

మర్నాడు పిన్ని పెందలాడే వెళ్ళిపోయింది. బాబాయి కిందకి వచ్చి, చాలా రోజుల తర్వాత గడ్డానికి సబ్బు నురుగు కలిపాడు. చెయ్యి స్థిరంగా ఉంది. నాకు ప్రాణం లేచివచ్చింది. బెంచీ మీద నలుగురైదుగురు టీవీకి కళ్ళప్పగించి కూర్చున్నారు. వార్తల మామ, ఈ గడ్డమే ఆఖరి గడ్డం అంటూ కుర్చీ ఎక్కాడు. ఇంతలో టీవీలో, అనుకోని కారణం వల్ల ప్రయోగం ఆలస్యమవుతోందని చెప్పారు. బాబాయి మామ బుగ్గకి నురుగు రాస్తూ ఈలపాట అందుకున్నాడు. ఈల వెయ్యడం ఆయనకి వచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

అప్పుడు జీపు వచ్చి ఆగింది. పిన్ని దిగి మమ్మల్నెవరినీ పలకరించకుండా మేడ మీదకి పరిగెత్తింది. కాసేపటికి నీలం కోటు చేత్తో పట్టుకుని సెలూనులోకి వచ్చింది. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమండీ, ఈ జేబులో తాళం చెవి చూశారా?"

"లేదే" అన్నాడు బాబాయి. అద్దంలోకి చూస్తూ అన్నాడు.

"ఇటు తిరిగి చెప్పండి."

ఆయన తిరగలేదు. సబ్బు కుంచె పక్కన పెట్టాడు. జన్మలో అబద్ధమాడి ఎరగని మనిషి, ఒక్కదానికే అలసిపోయినట్టు భుజాలు కిందకి జారాయి.

"నువ్వేగా అన్నావు, ఒక్కటి తక్కువైనా కదలదని" అన్నాడు.

వార్తల మామ నురుగు మొహంతోనే కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. "శభాష్! ఇవ్వకయ్యా, చచ్చినా ఇవ్వకు! ప్రపంచాన్ని కాపాడావు!" బెంచీ మీదవాళ్ళూ లేచి నిలబడ్డారు. ఒకాయనైతే బాబాయి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో జుట్టురంగు గిన్నెతోనే తెర తోసుకుని మగవాళ్ళ వైపుకి వచ్చాను. ఆ రంగు ఎవరో ఒకరి మీద పోసేదాన్నే, పిన్ని నన్ను చూపుతో ఆపింది.

ఆవిడ వాళ్ళెవరినీ లెక్కచెయ్యలేదు. బాబాయితోనే మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"అక్కడ ఏం జరుగుతోందో తెలుసా మీకు? పొద్దుట్నుంచీ సొరంగమంతా వెతుకుతున్నారు."

"తాళం కోసమా?"

"తాళం కోసమైతే ఇంకోటి చేయించుకుంటారు. మనిషి కోసం."

"ఏ మనిషి?"

"ఆ తాళం తీసుకున్న మనిషి. అది నేనే, నా జేబులో ఇంటికెళ్ళిపోయుంటుంది అని ఎంత చెప్పినా వినరు. 'అయ్యుండొచ్చక్కా, కానీ తాళం వచ్చేదాకా లోపల ఒకరున్నట్టే, నువ్వు నేర్పిందేగా' అంటారు. నేనక్కడ గుంజలా నిలబడి ఉంటే, నా కోసమే పిలుచుకుంటూ తిరుగుతున్నారు. కొత్తగా చేరిన పిల్ల ఒకతి ఏడుస్తోంది కూడా, లోపల ఎవరికైనా ఒంట్లో బాగాలేక పడిపోయారేమోనని."

బాబాయి అప్పుడు ఇటు తిరిగాడు.

"ఒక్క మనిషి కోసం మొత్తం ఆపేశారా?"

"ఆ బోర్డు ఉన్నదే ఒక్క మనిషి కోసమండీ."

ఆయన చేతులు తుడుచుకున్నాడు. దువ్వెనలు ఉంచే సొరుగు లాగి, అడుగునుంచి తాళంచెవి తీశాడు. పిన్ని చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు. "నేనే ఇస్తాను. నేను తీశానని నేనే చెబుతాను" అని నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పాడు. వార్తల మామ సగం గడ్డంతో "అదేంటయ్యా" అంటూనే ఉన్నాడు. నేను కూడా జీపెక్కాను. నా కుర్చీలో తలకి సగం రంగుతో ఉన్నావిడ ఇప్పటికీ నన్ను క్షమించలేదు.

ఆ బోర్డున్న గదిని నేను చూడడం అదే మొదలు. మా సెలూనంత గది. ఒక గోడకి తాళంచెవులు, వాటిమధ్య ఊడిన పన్నులా ఒక ఖాళీ. ఇంకో గోడకి టీవీ తెరలు, వాటిలో హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు బారులుగా నడుస్తూ, యంత్రాల కింద వంగి వంగి చూస్తున్నారు. నూటికి నూరు అనలేకపోయిన ఆ కుర్ర శాస్త్రవేత్త కూడా వాళ్ళలో ఉన్నాడు, మోకాళ్ళ మీద పాకుతున్నాడు. గోడ మీద స్పీకరులోంచి వాళ్ళ గొంతులు వినిపిస్తున్నాయి.

"ఎవరైనా ఉన్నారా? ఉంటే పలకండి. కంగారు పడకండి. మీరు వచ్చేదాకా మొదలుపెట్టం."

కొంచెం ఆగి, ఇంకోచోట నుంచి ఇంకో గొంతు. మళ్ళీ అదే మాట.

బాబాయి ఆ స్పీకరు వైపే చూస్తూ నిలబడిపోయాడు. రేపోమాపో ఊరిని మింగిస్తారని ఆయన భయపడ్డ మనుషులు వీళ్ళే. మూడోసారి "ఎవరైనా ఉన్నారా" అన్నప్పుడు, స్పీకరుకి తన మాట వినపడదని తెలియక, చెయ్యెత్తి గట్టిగా పలికాడు.

"నేనేనండీ. లోపలెవరూ లేరండీ. నేనే."

సేఫ్టీ మేడమ్, అంటే అక్కడ భద్రత చూసే పెద్దావిడ, వచ్చి ఆయన చేతిలోంచి తాళంచెవి మెల్లగా తీసుకుంది. పిన్నికే ఇచ్చింది. పిన్ని దాన్ని దాని చోట పెట్టి తిప్పింది. అయినా వెతుకులాట ఆపలేదు, మొదలుపెట్టాక చివరిదాకా చూసి రావాలట. టీ పొయ్యమని ఎవరూ అనలేదు. ఇది నవ్వి వదిలేసే తప్పు కాదని అప్పుడే నాకు తెలిసింది.

"జేబులో ఉండిపోవడం నా తప్పు మేడమ్. తర్వాతది మా ఇంటి విషయం" అంది పిన్ని.

మేడమ్‌కీ కష్టంగానే ఉంది. "విచారణ తేలేదాకా నువ్వు ఈ బోర్డు దగ్గర కూర్చోకూడదక్కా" అంది.

"తెలుసు మేడమ్. ఇంకెవరైనా అయితే నేనే ముందు ఆ మాట అనేదాన్ని." పిన్ని తన కుర్చీని బల్ల కిందకి సర్ది, ఏడుపు ఆపుకుంటున్న ఆ కొత్త పిల్ల భుజం తట్టి, వచ్చేసింది.

మర్నాడు యంత్రం నడిపారు. సెలూనులో మళ్ళీ అదే బెంచీ, అదే టీవీ. వార్తల మామ మిగిలిన సగం గడ్డం గీయించుకోడానికి వచ్చాడుగానీ, ఎవరూ పలకరించకపోయేసరికి చివర్న ఒదిగి కూర్చున్నాడు. పిన్ని ఎప్పుడూ లేనిది కిందకి దిగివచ్చి, మగవాళ్ళ వైపు స్టూలు మీద కూర్చుంది. బాబాయి కోరుకున్నదే జరిగింది. ఆ రోజు ఆవిడ అక్కడ లేదు, ఆయన కళ్ళెదురుగా ఉంది. ఆ కోరిక తీరినందుకు అంత దిగులుపడ్డ మనిషిని నేనెక్కడా చూడలేదు. ఆమెని కదిలించడానికి ధైర్యం చాలక, ఎవరి తలా లేని ఖాళీ కుర్చీని తుడుస్తూ నిలబడ్డాడు.

టీవీలో మరికాసేపట్లో అంటున్నారు. పిన్ని ఒళ్ళో చేతులు పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. లేచి గుమ్మం దాకా వెళ్ళి పరిశోధనాలయం వైపు చూసి వచ్చింది. నుదుటి మీద చెమట. ఇన్నేళ్ళలో ఆవిడని అలా నేనెప్పుడూ చూడలేదు.

"ఏమైంది పిన్నీ?" అన్నాను.

"ఆ పిల్ల సరిగ్గా చూసిందో లేదోనే. అన్నీ వచ్చాయో లేదో. లోపల ఎవరైనా ఉండిపోతే? నేనిక్కడ కూర్చుని ఏం చెయ్యగలను?"

"సేఫ్టీ మేడమ్ కూడా ఉంటారుగా."

"ఉంటారు. బాగానే చూస్తారు. అయినా..."

తన చేతులకేసి చూసుకుంది. వేళ్ళు వణుకుతున్నాయి. ఆవిడ మెల్లగా తలెత్తి బాబాయి వైపు చూసింది. నిన్నటి నుంచీ ఆయన మొహం చూడడం అదే మొదటిసారి.

"ఏమండీ, ఇన్నాళ్ళూ మీకిలాగే ఉండేదా?"

బాబాయి తుడుస్తున్న గుడ్డ ఆపాడు.

"ఊఁ" అన్నాడు. "ఇలాగే ఉండేది."

పిన్ని స్టూలు ఆయన పక్కకి జరుపుకుని కూర్చుంది.